గెడ్డలో లేని నీళ్ళు

జూన్ 2
ఊరి బడి గదిలో దిగాను. గెడ్డ (ఇక్కడ వాగుని అలాగే అంటారు) దాటే చోట, గట్టు మీది గుంజకి రెండు పెట్టెలు పక్కపక్కనే బిగించాం. రెండింటి పనీ ఒకటే — నీటి ఎత్తు కొలవడం, ఇరవై సెంటీమీటర్లు దాటితే సైరన్ మోగించడం. పాతదాంట్లో ప్రోగ్రాం సి భాషలో ఉంది, నాకు ముందు ఈ ఉద్యోగం చేసిన ప్రకాష్ గారు రాసింది. కొత్తది నాది, పైథాన్ భాషలో. పాడేరు ఆఫీసులో సార్ మాట — "వానలు పట్టేలోగా ఏ భాషో తేల్చమ్మా. మంచీ చెడ్డా ఒక్క పేజీలో." ఏది తేలిస్తే అదే ఈ కొండల్లో అన్ని ఊళ్ళకీ.

జూన్ 3
పొద్దుటి నుంచీ మంచు. సోలార్ పలకకి ఎండ తగల్లేదు. మధ్యాహ్నానికే నా పైథాన్ సగం బ్యాటరీ తాగేసింది. సి పెట్టెలో తరగనే లేదు. ఒప్పుకోవాలి. కానీ నాది ఎవరు చదివినా అర్థమవుతుంది. ప్రకాష్ గారిది... ఆయన ఒక్కరి కోసమే రాసుకున్నట్టుంది.

జూన్ 4
మధ్యాహ్నం మూడు గంటలకి సైరన్. పరుగెత్తాను. గెడ్డలో నీళ్ళు లేవు. రాళ్ళు, ఎండుటాకులు. సి పెట్టెలో అరవై రెండు. నా దాంట్లో సున్నా.
గట్టు పక్కింటి బుద్రమ్మ మేకల్ని పైకి తోలుతోంది. నీళ్ళేవమ్మా అన్నాను.
"వచ్చినాయి కదే గుంటా. నీకు కనపళ్ళేదేటి?"
గుంటా అంటే ఇక్కడ పిల్లా అని. ఎగతాళి అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

జూన్ 5
దొరికింది! ప్రకాష్ గారు కొలతలు దాచడానికి పది గడులు పెట్టి, పదకొండో గడి చదువుతున్నారు. సి అడ్డు చెప్పదు. లేని గడిని అడిగినా, అక్కడ ఏ చెత్త అంకె ఉంటే అది తెచ్చి చేతిలో పెడుతుంది. పైథాన్ అయితే అక్కడే ఆగిపోయి తప్పు చూపించేది. సరిచేశాను. ప్రాణం కుదుటపడింది.

జూన్ 6
మూడు గంటలకి మళ్ళీ. డెబ్బై ఒకటి.

జూన్ 7
సెన్సార్లు అటూ ఇటూ మార్చాను. నా సెన్సార్ తగిలించినా సి పెట్టె నీళ్ళున్నాయనే అంటోంది. డెబ్బై ఎనిమిది. మూడుంపావుకల్లా సున్నా.
ప్రకాష్ గారికి ఫోన్ చేశాను. ఇప్పుడు పార్వతీపురంలో ఉంటున్నారు. పదకొండో గడి సంగతంతా విన్నారు. "ఇప్పుడెంత చూపిస్తోందండీ?" చెప్పాను.
"నేనున్నప్పుడు పాతిక దాటేది కాదు."
మరి ఆఫీసుకి ఎందుకు రాయలేదండీ అంటే — "ఏమని రాయమంటారు?"

జూన్ 8
రస్ట్ భాషలో మొదటి నుంచీ రాస్తున్నాను. రోజంతా దాంతో పోట్లాటే. ఈ విలువ ఎవరిది, ఎవరు మార్చొచ్చు, ఎప్పుడు వదిలేస్తావు... అన్నిటికీ జవాబు చెప్పేదాకా కదలనివ్వదు. విసుగు. కానీ సి అంత పొదుపు. తనది కాని గడిని ముట్టుకోదు. ఇప్పుడు నాకు కావలసింది అదే.

జూన్ 10
గుంజకి మూడు పెట్టెలు. రస్ట్ సున్నా. పైథాన్ సున్నా. సి ఎనభై తొమ్మిది.
సంతోషించాలి.
బుద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొత్తవి మోగలేదేమని అడిగింది. నీళ్ళు లేవు గనక అన్నాను.
"సెప్పనిదాన్ని ఎట్టుకుని ఏటి సేసుకుంటాం?"
ఊరికే మోగితే నిజంగా వరదొచ్చిన నాడు ఎవరూ కదలరమ్మా, అన్నాను.
"ఏ రోజు కదల్లేదేటి మేము?"
నిజమే. మోగిన ప్రతిసారీ గట్టు పక్క తొమ్మిది ఇళ్ళవాళ్ళూ పైకి ఎక్కారు. ఆ వేళకి ఎవరూ గెడ్డ దాటరు. నేనే దాటాను, రెండు మూడుసార్లు.

జూన్ 11
పేజీ రాశాను. రస్ట్. ఫోన్లో చదివి వినిపిస్తే సార్ — "బాగుంది. పాతది పీకి తెచ్చెయ్."

జూన్ 12
పాత పెట్టె విప్పి సంచిలో పెట్టాను. మబ్బు తునక లేదు. ఆఫీసు జీపు అవతలి గట్టున ఆగింది. డ్రైవర్ అప్పలరాజు పిలుస్తున్నాడు — "రండి మేడం, బేగి రండి." మూడు అవుతోంది. సైరన్ లేదు. పొడి రాళ్ళు. ఇరవై అడుగులు.
కాలు పడలేదు.
సంచి బరువనుకున్నాడేమో, తనే దిగాడు. ఆగమని అరిచాను. నవ్వాడు. నడిమధ్యకి వచ్చి ఆగాడు. కిందికి చూసుకున్నాడు. రెండు చేతులతో ప్యాంటు మోకాళ్ళ పైకి లాక్కున్నాడు. అలాగే పట్టుకుని, ఒక్కో రాయీ కాలితో తడుముకుంటూ వెనక్కి వెళ్ళాడు.
మూడున్నరకి దాటాను. నా చెప్పులు తడవలేదు. ఏమైందని అడిగాను. "ఏటీ లేదు మేడం." జీపు తీశాడు.

జూన్ 13
సార్ పేజీ అడిగారు. ఒక పేరా మిగిలిందన్నాను. ఏం రాయను... ఆఫీసు గడియారం మూడుకి వస్తోంది. అక్కడ గెడ్డ గట్టున ఈవేళ ఏదీ మోగదు.