అత్తమ్మ చర్చికి వెళ్ళని పదకొండు నెలలు

మార్చి 7, శుక్రవారం
స్త్రీల కూడిక. ఇరవై ఇద్దరం. పాస్టరమ్మగారు మళ్ళీ ఆ మిషనరీ దొరసాని జీవితచరిత్రే చదివారు. ముగ్గురు బిడ్డలను పాతిపెట్టిందట. మూడో బిడ్డను పాతిన సాయంత్రమే ప్రార్థన నడిపించిందట. "సణగలేదు." పుస్తకం ఇంటికి తెచ్చుకుని లెక్కపెట్టాను. ఆ మాట తొమ్మిదిసార్లు ఉంది. దొరసాని బట్టలు ఎవరు ఉతికారో మాత్రం ఒక్కసారీ లేదు.
"మనమెందుకు అలా లేమమ్మా?" అని అడిగారు పాస్టరమ్మగారు. అందరం తలలు దించుకున్నాం. నేనూ దించాను. అందుకే ఇప్పుడీ కోపం.

మార్చి 8
ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు మొదలై నాలుగు రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థనకు లేచింది ఒక్క రోజు. ఆ రోజూ మోకాళ్ళ మీదే నిద్రపోయాను.

మార్చి 12, బుధవారం
పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చారు. మన రేపల్లె సంఘం జూబిలీ సంచికలో అత్తమ్మ జీవితం వేస్తారట. ముప్పై ఏళ్ళు ఇంటింటా వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా పెనుమూడి నుంచి నిజాంపట్నం దాకా చేతిసంచితో తిరిగిన మనిషి. పోయి మూడేళ్ళయింది. "మీరైతే పొల్లుపోకుండా రాస్తారమ్మా" అన్నారు. రాస్తాను. చాలా రోజుల తర్వాత ఇష్టమైన పని.

మార్చి 19
ఆరు పేజీలు వచ్చాయి. కోపిష్టి అని రాశాను. నిజాంపట్నంలో చేపల వేలం దగ్గర ఆడవాళ్ళు "బైబిలమ్మా, ముందీ గంప ఎత్తు, నీ దేవుడి సంగతి తర్వాత చెబుదువుగాని" అంటే నవ్వుతూ ఎత్తేదని రాశాను.
అయిదో పేజీ చిన్నబాబు. పందొమ్మిదేళ్ళకు కామెర్లతో పోయిన రెండో కొడుకు. అప్పటికి నేను ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. పదకొండు నెలలు అత్తమ్మ చర్చికి వెళ్ళలేదు. సంచి మేకుకే వేలాడింది. ఆదివారం మొదటి గంట కొట్టగానే పెరట్లో బండ దగ్గర కూర్చుని బట్టలు బాదేది... చర్చికి వెళ్ళేవాళ్ళందరికీ వినబడేలా. ఒక ఆదివారం బాదలేదు. చీర మార్చుకుని వెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. నేనూ కల్పించి రాయలేదు.

మార్చి 26
కాగితాలు తిరిగొచ్చాయి. అయిదో పేజీ మీద అడ్డంగా ఎర్రగీత. అయ్యగారికి ఫోన్ చేశాను.
"యవ్వనస్థుల విశ్వాసానికి అభ్యంతరం అవుతుందమ్మా."
"జరిగిందేనండి."
"జరిగిందే అనుకోండి. జరిగినవన్నీ సాక్ష్యమా అమ్మా?"
జవాబు అన్నం వారుస్తుంటే తోచింది. జరగనిది సాక్ష్యం ఎలా అవుతుందండీ? అప్పటికి ఆయన ఫోన్ పెట్టేశారు.

మార్చి 28, శుక్రవారం
కూడికకు వెళ్ళలేదు.
నాకు అయిదో నెలలో బిడ్డ పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా వాక్యం చెప్పి, టీ తాగి వెళ్ళారు. అత్తమ్మ వాక్యం చెప్పలేదు. నా చిక్కుజుట్టు దువ్వుతూ, "పదకొండు నెలలు దేవుడితో మాట్లాడలేదే నేను. నువ్వూ మానెయ్, కావాలంటే. ఆయనేం పారిపోడు" అంది.
ఈ రోజుకీ చర్చిలో కూర్చుంటున్నానంటే ఆ మాట మీద. దొరసాని మీద కాదు. ఎర్రగీత పడింది ఆ మాట మీద.

ఏప్రిల్ 2
ఆడపడుచు ఎస్తేరు బాపట్ల నుంచి ఫోన్. అయ్యగారు ముందే చెప్పినట్టున్నారు.
"అమ్మను వీధిలో పెడతావా వదినా?"
"ఆ చప్పుడు వీధంతా విన్నదేగా ఎస్తేరూ."
"ముప్పై ఏళ్ళు చెప్పులరిగేలా తిరిగింది. ఒక్కరోజు ముందు వరసలో కుర్చీ వేశారా? ఇప్పటికి వేస్తుంటే నువ్వు లాగేస్తున్నావ్."
ఫోన్ పెట్టేసి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరినవే మళ్ళీ ఏరాను. ఎస్తేరు చెప్పింది అబద్ధం కాదు. అదే మండుతోంది.

ఏప్రిల్ 8, మంగళవారం
"పోనీలేవే, పుస్తకమేగా" అన్నారు మా వారు. కన్నతల్లి సంగతి ఆయనకు పుస్తకమేనట! పొద్దున రైలెక్కి తెనాలి ప్రెస్సుకు వెళ్ళాను. ప్రూఫు దిద్దుదామని వెళితే అచ్చయిన కాగితాలే చేతిలో పెట్టారు.
అయిదో పేజీ లేదు. దాని చోట — "కుమారుని కోల్పోయినను ఒక్క ఆదివారమైనను ఆరాధన మానలేదు. సణగలేదు." పదోసారి. చివర — "ప్రభువా, వచ్చుచున్నాను అని చిరునవ్వుతో కన్నుమూసెను." కింద నా పేరు.
అత్తమ్మ మందుల పుస్తకం రాసింది నేనే. ఇంటికి రాగానే చివరి పేజీ తీసి చూశాను. మధ్యాహ్నం 3.10, మాత్ర ఉమ్మేసింది. 3.40, "ఫ్యాను తగ్గించవే, చలేస్తోంది." 4.05, ఊపిరి లేదు.
"నా పేరు తీసెయ్యండి" అని తెనాలిలోనే అన్నాను ప్రెస్సాయనతో.
"ఇంక కుట్టడమేనండీ మిగిలింది. అయ్యగార్ని అడగండమ్మా."

ఏప్రిల్ 11
అయ్యగారి మెసేజ్. మట్టల ఆదివారం నాడు సంచిక విడుదల. అత్తమ్మ జీవితం కుటుంబం తరఫున నేనే చదవాలట. అచ్చులో ఉన్నది ఉన్నట్టు.


ఏప్రిల్ 12
అయిదో పేజీ మళ్ళీ రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. మడిచి బైబిల్లో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.
ప్రార్థన చేయలేదు. వారం అయింది.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం
ఎస్తేరు మొదటి బస్సుకే వచ్చింది. తెల్లచీర, తలలో మల్లెపూలు. "కుర్చీ నాకూ ముందేనా వదినా?" అని చిన్నపిల్లలా అడిగింది. అవునన్నాను. మా వారు మట్టలు పంచడానికి ముందే వెళ్ళిపోయారు.
నేను ఇంకా పాతచీరలోనే ఉన్నాను. వాషింగ్ మిషన్ ఉన్న ఇంట్లో దుప్పట్లు బకెట్‌లో నానబెట్టాను. ఎందుకో తెలియదు... తెలుసు.
మొదటి గంట కొట్టారు.
ఎస్తేరు పెరటి గుమ్మంలోకి వచ్చింది. బకెట్ వంక చూసింది. బండ వంక చూసింది. ఆ చప్పుడు పదకొండు నెలలు విన్న పిల్లే కదా.
"వద్దు వదినా" అంది. కానీ వెళ్ళలేదు. కుచ్చిళ్ళు తడవకుండా ఎత్తిపట్టుకుని నా పక్కనే నిలబడింది.
బండ మీద కూర్చునే ఇది రాస్తున్నాను. కాగితం చెమ్మగిల్లుతోంది. చదవాలనుకుంటే అయిదో పేజీ బైబిల్లో ఉంది. దుప్పటి పిండలేదు, బాదలేదు. ఆరాధన మొదలయ్యే రెండో గంటకు ఇంకా పావుగంట...