గవ్వల చెక్కకి నకలు

సుభద్రా,

ఇవాళ నీ తిథి. నువ్వు చదవవని తెలుసు. అయినా నా అనుమానాలు వినే ఓపిక ఇంకెవరికుంది?

కొవ్వూరులో మన పెద్దమ్మాయి ఇంట్లో ప్లాస్టిక్ తీగ కరిగించి వస్తువులు పోసే యంత్రం ఉంది. దానికి కెమెరా, లేజరు లైటు, తిరిగే పీట తనే బిగించింది. ఏ వస్తువు పెట్టినా చుట్టూ చూసి అలాంటిదే చేస్తుందట. మా తాత ఎద్దుని మూడు సంతలు చూశాక గానీ కొనేవాడు కాదు. నాదీ ఆ రక్తమే.

చెల్లెలికి ఇవ్వడానికి నువ్వు గవ్వలు వత్తిన గీతల చెక్కకి నకలు తీస్తానంది. ఇచ్చి, పక్కనే కుర్చీ వేసుకున్నాను. నూనె మెరుపుంటే కెమెరాకి ఆనదని చెక్క మీద ముగ్గుపిండి చల్లింది.

“దొంగని చూసినట్టు చూస్తారేంటి నాన్నా?”

నకలులో గీతలన్నీ ఉన్నాయి. మధ్యలో గుంట లేదు.

“చెక్క అరిగిపోయింది కదా, కంప్యూటర్లో పూడ్చేశాను.”

“అరగడం కాదే, అన్నేళ్ళు పిండి నొక్కిన మీ అమ్మ బొటనవేలు అది.”

గుంట పూడ్చకుండా మళ్ళీ చేసింది. నమ్మకం కుదరక, కొత్త గుంటలో నా వేలు పెట్టి చూశాను. పట్టలేదు. నీ చెక్కలోనూ ఏనాడూ పట్టలేదు.

అప్పుడు చిన్నమ్మాయికి పంపమన్నాను.