పట్టేసిన మూత

అక్కా, పాపని కింద దింపకు. ముందు వంటింటి గచ్చంతా ఊడువు. అమ్మ గుండె మాత్రలు చెల్లాచెదురయ్యాయి, ఒకటి ఎంత వెతికినా దొరకలేదు.

అమ్మకి గుండెనొప్పొస్తే నేను చేసిచ్చిన మాత్రల డబ్బా మూత ఎంతకీ రాలేదు. ఏడాది నీడన ఆరాల్సిన చెక్క అది. అమ్మ పుట్టినరోజుకల్లా కావాలని నువ్వు నా ప్రాణం తోడేశావు, నేనూ బుద్ధి లేక మూణ్ణెల్లకే లేత్‌కి ఎక్కించాను. డబ్బా అయ్యాక ఆరుతూ ఆరుతూ వంకరపోయి మూతని పట్టేసింది. సుత్తితో పగలగొట్టాను. ఆ నొప్పిలోనూ అమ్మ "పగలగొట్టకురా, ముచ్చటగా ఉంది" అంది.

మాత్ర నాలుక కింద పెట్టి, ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. నువ్వూ వచ్చెయ్.

పాప జ్వరం మందు పెట్టుకోమని నీకిచ్చిన డబ్బా కూడా ఆ పచ్చి దుంగతో చేసిందే. దాని మూత ఇప్పుడే తీసి పారెయ్.