ఒంటిపొర మీద కోసిన చొక్కా

ఏమండీ,

నీళ్ళ మీద ఉన్న మీకు నేల మీద ఉన్న మీ ఇంటావిడ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప, అత్తయ్య ముగ్గురం క్షేమం. మీరూ, మీ ఇంజను గదీ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం మొన్న చేరింది. ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళు బాగానే ఉన్నాయి, మూడంతస్తులూ ఎక్కి దిగి అందరి ఇళ్ళ సంగతులూ మోసుకొస్తున్నారు. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి, మాట్లాడితే ఈల వస్తోంది. వంటగది కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఆపరేషను చేసిన చోట కుట్లు మానాయి. ఇక మీరు ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాశారే, "గడ్డ తీసేశారుగా, మిగతా అంతా ఎప్పటిలాగే ఉన్నావు కదా" అని, దాని జవాబు కింద ఉంది. అక్కడికి దూకెయ్యకండి, వరసగా చదవండి.

నేను మళ్ళీ కుట్టుపనిలోకి వెళ్ళి మూడు వారాలైంది. మొదటిరోజే మాస్టరు జాలి మొహం పెట్టుకుని, "నువ్విక కటింగు బల్ల దగ్గర నిలబడలేవమ్మా, ఆ మూల కూర్చుని గుండీలు కుట్టుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పద్దెనిమిదేళ్ళుగా ఆ కత్తెర నా చేతిలో ఉంది. చెయ్యి లేవకపోతే స్టూలెక్కి కోస్తాను. అంత ముచ్చటగా ఉంటే గుండీలు మీరే కుట్టుకోండి" అన్నాను. మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళంతా కుట్టడం ఆపి మరీ నవ్వారు. చివరికి స్టూలు ఆయనే తెచ్చి వేశాడు. ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటడం లేదు. రోజూ గోడ మీద వేళ్ళు పాకించి లేపుతున్నాను, నిన్న స్విచ్చిబోర్డు అందింది.

పోయిన ఆదివారం నాకోసం ఒక చొక్కా కుట్టుకుందామని నీలం గుడ్డ తీశాను. ఎప్పటిలాగే గుడ్డను రెండు పొరలుగా మడిచి, కుడి ముందుభాగం, ఎడమ ముందుభాగం కలిపి ఒక్క కోతలో కోసేశాను. మా పనిలో ఎవరైనా అలాగే కోస్తారు. తీరా కుట్టి తొడుక్కుంటే కుడివైపు ఒంటికి అతికినట్టుంది, ఎడమవైపు ఖాళీ సంచిలా వేలాడింది. ఊరందరి కొలతలూ నోటికి చెప్పేదాన్ని, నా కొలత నేనే మరిచిపోయాను. అద్దం ముందు నిలబడి కరువుతీరా ఏడ్చాను.

అదీ సంగతి. మీకు నేను అబద్ధం రాశానండీ. ఆ గడ్డ క్యాన్సరు. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. ఇప్పుడు ఒంట్లో ఎక్కడా దాని జాడ లేదని డాక్టరమ్మ అంది, మాత్రలు మాత్రం ఐదేళ్ళు మింగాలి. మీరు ఓడ దిగడానికి వీల్లేని చోట ఉన్నారు, చెప్పి బెంగ పెట్టడం ఎందుకని అత్తయ్యా నేనూ అనుకున్న మాట నిజమే. కానీ అది సగం నిజం. మీరు నన్నిక ఎలా చూస్తారోనని నాకు భయం వేసింది. ఆపరేషను బల్ల ఎక్కించినప్పుడు బతుకుతానో లేదో తెలియదు, అప్పుడు కూడా మీరేమనుకుంటారా అనే ఆలోచించాను. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

అత్తయ్య దూది కూరి చిన్న దిండు కుట్టిచ్చారు. "వాడు చూస్తే బెంబేలెత్తిపోతాడే. కొన్నాళ్ళు ఇది లోపల పెట్టుకో, మెల్లగా నేనే చెబుతాను" అన్నారు. పెద్దావిడ మాట కొట్టెయ్యలేక పెట్టుకున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి అది మెడ దాకా ఎగబాకింది! ఇప్పుడు కటింగు బల్ల మీద ఉంది, గుండుసూదులు గుచ్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తోంది. సంగతి తెలిసి అత్తయ్య కాసేపు మూతి ముడిచారు, తర్వాత ఆవిడకీ నవ్వు ఆగలేదు.

ఆ చొక్కా కుట్లు విప్పేశాను. ఈసారి గుడ్డను మడవలేదు. ఒంటిపొరగా పరిచి, ఎడమవైపు ఇప్పుడున్న కొలతకే కోశాను, రొమ్ము దగ్గర ఎత్తు కోసం మడిచి కుట్టే డాట్లు లేకుండా చదునుగా. తొడుక్కుంటే ఎక్కడా ముడత లేదు. పాప చుట్టూ తిరిగి చూసి, "అమ్మా, సరిగ్గా సరిపోయింది" అంది, ఈలతో సహా.

వచ్చే నెల మీరు ఓడ దిగేనాడు రేవుకి ఆ చొక్కాతోనే వస్తాను. పైన శాలువా కప్పుకోను, చేతులు అడ్డం పెట్టుకోను. మీ చూపు ముందు అక్కడికే పోతుంది, పోనివ్వండి. అబద్ధం రాసినందుకు తిట్టండి, పడతాను. ఒళ్ళు మారినందుకు మాత్రం ఎవరి జాలీ నాకక్కర్లేదు, మీదైనా సరే. ఇది చదివి బెంగతోనో ప్రేమతోనో వెంటనే జవాబు రాసెయ్యకండి. కాగితం మీద మంచి మాటలు ఎవరైనా రాస్తారు. ఓడ మెట్లు దిగుతూ నన్ను చూసినప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో, నాకు అదే జవాబు.

ఇట్లు,
రేవులో మొదటి వరసలో నిలబడబోయే
మీ ఇంటావిడ