వాటా మందు

జూన్ 3
టీబీ కాదట. టీబీకి చుట్టమట. మట్టిలో, నీళ్లలో ఉండే పురుగు. నాకూ, నా ఆడమనిషి కనకకూ అదే. ఒంట్లో కాపలా నిద్రపోయిందట. దాన్ని లేపే కొత్త మందు ట్రయల్‌లో ఉచితంగా ఇస్తారట. నన్ను తీసుకున్నారు. కనక బరువు చాలదన్నారు. బక్కోలు సావాలేటమ్మా అని నర్సు నాగలక్ష్మిని అడిగింది కనక. నర్సు నవ్వేసింది.

జూన్ 10
మెషిన్, మాస్క్, ఐస్ డబ్బాలో సీసాలు. రోజుకొకటి పీల్చాలి. ఎవరికీ పెట్టకు తాతా అంది నర్సు. తలూపాను.

జూన్ 11
మా ఊళ్లో కుందేలు పడినా, వేటకు రాలేని ఇంటికి కూడా వాటా వెళ్తుంది. ఒక్కడినే ఎలా పీల్చను? సగం నేను, సగం కనక.

జూలై 20
ఇద్దరికీ తగ్గలేదు. ఇకమీదట మొత్తం కనకకే. ఇప్పుడు రోజుకి రెండు సీసాలిస్తున్నారనీ, నాది తెల్లారకముందే అయిపోయిందనీ అబద్ధం చెప్పాను. నమ్మింది.

ఆగస్టు 29
కనక సంతకు నడిచి వెళ్లింది. దారిలో ఎక్కడా కూర్చోలేదట. మొక్కజొన్న పొత్తులు మోసుకొచ్చింది. నాకు గుమ్మం దాటితే ఆయాసం. అంత మందు పీల్సి కూడా ముసలి మేకలాగ దగ్గుతావేటి, నీ సీసా కూడా నాకిచ్చీ అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే నాకు నెత్తురు పడింది.

సెప్టెంబర్ 18
నర్సు వచ్చింది. రేపు కఫం ఇవ్వాలట. పురుగు తగ్గకపోతే మందు ఆపేస్తారట. తగ్గితే ఏం చేస్తారో నేను అడగలేదు.

సెప్టెంబర్ 19
డబ్బీలో కనక చేత ఉమ్మించాను. డబ్బీ మీద నా పేరు.

నవంబర్ 6
నర్సు లడ్డూలు తెచ్చింది. కఫం శుభ్రమట. మందు పనిచేసింది తాతా, ఇక ఆపేసి చూస్తారు అంది. నేను దగ్గాను. అది పాత మచ్చల దగ్గులే అంది. మెషిన్ సర్దుకుంది. కనక అడ్డం నిలబడింది. ఆడి మందు ఆపుకోండి, నా సీసా ఇచ్చీయండి అంది.

నీ సీసా ఏటమ్మా, ఇచ్చింది ఒక్కటే కదా అంది నర్సు.

కనక నా వైపు చూసింది. లడ్డూ ఆమె చేతిలోనే ఉంది.

నవంబర్ 9
కనకను తీసుకుని నర్సు దగ్గరికి పోయి అంతా చెప్పాను. అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఎరగను. నోరెత్తకు తాతా, నా ఉద్యోగం పోద్ది అంది. కనకను కాటా ఎక్కించింది. బరువు ఇప్పుడు సరిపోయింది. ట్రయల్‌లోకి కొత్తవాళ్లను తీసుకోవడం అయిపోయిందట.

నవంబర్ 30
కనకకు మళ్లీ జ్వరం, దగ్గు. నడిపించి, తినిపించి, ఇప్పుడు సంపుతన్నావేటి, అప్పుడే ఒకపాలి సంపీలేకపోనావా అంది. అంబలి పెట్టింది. తాగాను.

డిసెంబర్ 15
పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. మందు పనిచేసిన మనిషి ఫోటో కావాలట. నవ్వమన్నారు. లోపల కనక దగ్గింది. తల తిప్పాను. ఫోటో చెడింది. మళ్లీ నవ్వమన్నారు.