అంతకంటే పెద్దది

ఖాదర్ భాయ్, నువ్వు జ్వరంతో పోయి ఈ శుక్రవారానికి ఏడాది. ఈ అరబ్బు దేశంలో, మన మత్రా బజారులో ఉల్లిగడ్డలు కట్టిచ్చిన పాత బొంబాయి పేపర్లో నీకిష్టమైన వార్త కనిపించింది. అమెరికాలో పద్దెనిమిదేళ్ల విద్యార్థులిద్దరు అప్పటిదాకా తెలిసిన అన్నిటికంటే పెద్ద ప్రధాన సంఖ్యను కనుక్కున్నారట. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించబడని ఆ సంఖ్యలో ఆరు వేల అయిదు వందల ముప్పై మూడు అంకెలున్నాయట.

నాకు కాలు నిలవలేదు. కాగితం పట్టుకుని రూమ్‌కు పరుగెత్తాను. నీ మంచం మీద ఇప్పుడు కొత్తగా వచ్చిన మేస్త్రీ రాజయ్య పడుకుంటున్నాడు. అతనికే చదివి వినిపించాను.

"గదే ఆఖరుదా?" అన్నాడు.

"కాదు రాజన్నా. ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలుపు. వచ్చినదాన్ని వాటిల దేనితోని భాగించినా ఒకటి మిగులుతది. అంటే ఇంకో కొత్తది యాడనో ఉండాలె."

నువ్వు సిమెంటు సంచుల మీద రాసి చెప్పినప్పుడల్లా నిద్రొస్తోందని లేచిపోయేవాణ్ని. ఇవాళ చెబుతుంటేనే అర్థమైంది.

"గిదంత నీకెవలు నేర్పిండ్రు?" అన్నాడు రాజయ్య.

లేచి బయటికొచ్చాను. ఎండలో రేవు దాకా నడిచి, తిరిగొచ్చి చెప్పాను.

"మన కంపెనీల స్టోర్ చూసెటోడు, ఖాదర్ భాయ్. మస్తు సార్లు చెప్పిండు. నేనే ఇనలేదు."