మీరు నా చేతికివ్వని పుస్తకం

సుగుణ మేడమ్‌గారికి, నమస్కారమండి.

మీరు వెళ్ళిపోయి పది నెలలైంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే... ఒక మనిషిని అనుమానిస్తూ కూర్చున్నాను. సంగతి తేలాక రాద్దామనుకున్నాను. తేలింది. కానీ నేననుకున్నట్టు కాదు.

రమణగారినే అనుమానించానండి.

కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన మీకూ, గూడెం ల్యాబ్‌లో పనిచేసే నాకూ, గణపవరంలో చేపల మేత అమ్మే ఆయనకీ స్నేహమేమిటని మీ అమ్మాయి నవ్వేది. నెలకో శనివారం, వీలు చూసుకుని, ఆయన వ్యానులో కొల్లేటి లంకకి వెళ్ళేవాళ్ళం. ఊరివాళ్ళు తాగే చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి, పరీక్ష చేసి, తాగొచ్చో లేదో ఆడవాళ్ళకి చెప్పేవాళ్ళం. ఫలితాలన్నీ మీరు ఒక పొడుగు పుస్తకంలో రాసేవారు. "నోటిమాటకి ఎవరూ జవాబు చెప్పరమ్మా, రాసిపెట్టాలి" అనేవారు.

ఆ తాగే చెరువులోకి చేపల చెరువు మురికినీళ్ళు ఎవరు వదులుతున్నారో తెలిసిందని, పుస్తకం ఏలూరులో పొల్యూషన్ ఆఫీసువాళ్ళకి ఇచ్చేస్తానని ఫోన్లో అన్నారు. ఎవరని అడిగితే మాట మార్చారు. ఆ వారమే గుండెపోటు...

వట్లూరు ఇంట్లో మీ అమ్మాయి బీరువాలన్నీ వెతికింది. పుస్తకం లేదు. మీరు పోవడానికి ముందురోజు, బుధవారం, మీ ఇంటి ముందు రమణగారి వ్యాను ఆగిందని పక్కింటావిడ చెప్పింది.

ఇక నాకేం కావాలి? చెరువులవాళ్ళంతా ఆయన దగ్గర మేత కొనేవాళ్ళే కదా!

లంకకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకసారి తప్పనిసరై వ్యానెక్కి, ఆయన టీకి దిగినప్పుడు సీట్ల కిందంతా వెతికాను. మీరు మర్చిపోయిన గొడుగు దొరికింది. అది చూసి కూడా, ఎందుకు దాచాడా అనుకున్నాను. "ఏవండీ, నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ?" అని ఆయన అడిగితే, ఆ మెత్తదనమూ నటనేననిపించింది.

పోయిన నెల, చెరువుగట్టు పక్కన ఉండే నాగమణి నన్ను ఇంట్లోకి పిలిచింది. ట్రంకుపెట్టెలోంచి మీ పుస్తకం తీసింది.

"ఆడవాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించమని మేడమ్‌గారే ఇచ్చారండి. లక్ష్మిగారూ, మీకు మాత్రం చూపించొద్దన్నారండి. ఆవిడ పోయాక మాకు భయమేసింది. కానీ చంటిదానికి నిన్నటి నుంచి ఒకటే వాంతులండి... ఇంక దాచలేను."

నిలబడే చివరి పేజీ చదివాను. మురికినీళ్ళు వదిలే చేపల చెరువు మా తమ్ముడు లీజుకి తీసుకున్నదని ఉంది. కింద మీ చేతిరాత: "లక్ష్మి వచ్చిన శనివారాలు నీళ్ళు బాగుంటున్నాయి. ఈ బుధవారం చెప్పకుండా రమణతో వచ్చాను. ఘోరంగా ఉన్నాయి."

మేడమ్... వాడు ప్రతినెలా ఫోన్ చేసేవాడు. "ఈసారి ఎప్పుడొస్తున్నావక్కా, చేపలు పంపుతాను" అని. నేను ఏ శనివారమో చెప్పేదాన్ని, ఆ రోజుకి వాడు మురికినీళ్ళు ఆపేసేవాడు. అంత అమాయకంగానే చెప్పానా? రమణగారి వ్యాను వెతికిన దాన్ని, తమ్ముడి మాటని ఒక్కసారైనా ఎందుకు అనుమానించలేదు? మీరు మాత్రం నన్ను ఎన్ని నెలల నుంచి గమనిస్తున్నారు? పక్కన కూర్చుని, నా డబ్బాలో పులిహోర తింటూ కూడానా?

అటునుంచటే గణపవరం వెళ్ళి రమణగారికి అంతా చెప్పాను. వ్యాను వెతికిన సంగతి కూడా. ఆయన నాకు కుర్చీ వేశారు. తర్వాత, "ఆ బుధవారం తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడ్చారండీ ఆవిడ. మీకెలా చెప్పాలో తెలియలేదన్నారు" అన్నారు.

నిజమేనా? నన్ను ఓదార్చడానికి అన్నారా? మీరుంటే అడిగేదాన్ని.

నాగమణి బిడ్డ కోలుకుంది. ఇరవైమంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు. ఆఖర్న నేనూ పెట్టాను. పుస్తకం ఏలూరులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. తమ్ముడి చెరువు చూడటానికి ఆఫీసు మనుషులొచ్చి వెళ్ళారు. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. మరదలు ఫోన్ చేసి, ఇంటి ఆడపడుచువేనా అని అడిగింది.

వచ్చే వారం రమణగారూ నేనూ మళ్ళీ నీళ్ళు పట్టడానికి వెళ్తున్నాం. ఏ రోజు వెళ్తామో ఇంట్లో కూడా చెప్పలేదండి. ఇక ఎప్పటికీ చెప్పను.

మీరు నమ్మినా నమ్మకపోయినా,
మీ లక్ష్మి